తూము లేని కప్పు

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. విస్తరి ముందు కూర్చుని కూడా మధ్యలో లేచి వాకిట్లోకి తొంగిచూసి వచ్చేవాణ్ణి. వీడి అరికాళ్ళ కింద ఎవరో నిప్పులు పోశారని మా అమ్మ విసుక్కునేది. అందుకే ఓవర్సీరు పని నాకు అచ్చొచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూ ఉండటమే ఆ పని. చదువు అయ్యాక రెండేళ్ళు శృంగవరపుకోట నుంచి అరకు వైపు ఎక్కే బండిబాట మీద కల్వర్టులు కట్టించాను. కొండ మీంచి దిగే నీళ్ళు బాటను కోసెయ్యకుండా అడుగున తూములు వేయించి అవతలికి దాటించాలి. అంటే రెండేళ్ళ పాటు నీళ్ళకు దారి చూపించడం తప్ప నేను వేరే పనేమీ చెయ్యలేదు. చదివేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నేనైతే మర్చిపోయాను.

అప్పటికి అరకులో ఒక పాదిరీ దొర కొత్తగా వచ్చి ఉన్నాడు. పెద్ద యుద్ధం ముగిసి కొన్నేళ్ళే అయింది. ఆ యుద్ధంలో ఆయన ఏదో ఎడారి దేశంలో సిపాయిల దగ్గర పాదిరీగా పనిచేశాడట. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలి ఇటుక రంగు తేలిన మనిషి. మద్రాసులో ఎవరో పండితుడి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. సంతలో మిరపకాయలు బేరం చేసినా పురాణం చదువుతున్నట్టే ఉండేది. ఒకరోజు నేను కట్టించిన కల్వర్టు దగ్గర గుర్రం దిగి, వంగి లోపలికి చూసి, రాళ్ళ కూర్పు మీద అరచేత్తో తడిమాడు. "ఇందు అనవసరమైనది ఏదియు లేదు," అన్నాడు. అంతవరకు నన్ను ఎవరూ అలా మెచ్చుకోలేదు. నెల తిరక్కుండా ఆయన పనిలో చేరాను. కల్వర్టులు కట్టిన మేస్త్రిని కూడా నా వెంట తీసుకువెళ్ళాను.

దొర కట్టదలిచింది చిన్న ప్రార్థన మందిరం. బొమ్మ ఆయనే గీసుకున్నాడు. ఎక్కడో కాదు, ఆ ఎడారిలోనే, గుడారంలో కూర్చుని గీశాడు. అక్కడి మట్టి ఇళ్ళ మీద ఆయనకు మనసు పడింది. వాటిలో అలంకారమన్నదే లేదనీ, నేలలోంచి లేచి నిలబడ్డట్టు ఉంటాయనీ చెప్పేవాడు. తన దేశం నుంచి వచ్చే పత్రికలు తీసి చూపించేవాడు. వాటి నిండా తెల్లటి పెట్టెల్లాంటి ఇళ్ళ ఫోటోలు. శిఖరం లేదు, చూరు లేదు, స్తంభాల మీద లతలూ పువ్వులూ లేవు. కొత్తకాలం వాళ్ళు ఇలాగే కడుతున్నారట. గోడ గోడలాగా, రాయి రాయిలాగా కనబడితే చాలునట. ఆయన బొమ్మలోనూ అంతే. నాలుగు పొడుగాటి రాతి గోడలు, పూత లేదు. కిటికీల బదులు తూర్పు గోడలో చెయ్యి పట్టేంత సన్నని నిలువు చీలికలు. పడమట ఒకటే గుమ్మం. పైన చదునుగా కప్పు, దాని చుట్టూ మోకాలెత్తు పిట్టగోడ. ఆ పిట్టగోడ పై అంచు ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క గీత. ఎక్కడా తెగదు, ఎక్కడా వంగదు.

ఆ గీత మీద నాకు పిచ్చి పట్టింది. వేరే మాట లేదు. పనిలేని వేళ కూడా బొమ్మ విప్పి దాన్నే చూస్తుండేవాణ్ణి. నేను చదివిన చోట కట్టడమంటే చువ్వలూ, కమానులూ, గుమ్మానికి రెండు వైపులా సింహాలూ. ఇక్కడ ఏమీ లేకపోవడమే అందం. అది అర్థమైనవాణ్ణి ఆ కొండల్లో నేనొక్కణ్ణే అనుకుని ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి. ఇరవయ్యారేళ్ళ వయసులో అంతకంటే ప్రమాదకరమైన ఆలోచన ఉండదు.

అరకులో ఎడారి ఎక్కడ దొరుకుతుందని అడగొచ్చు. దొర వెతికి పట్టుకున్నాడు. పోడు కొట్టీ కొట్టీ వదిలేసిన బోడిగుట్ట ఒకటి లోయ అంచున ఉండేది. నల్ల రాతి చట్టూ, ఎర్ర గరుసూ తప్ప దాని మీద నీడనిచ్చే చెట్టొకటి లేదు. వేసవిలో అక్కడ నిలబడితే గాలి కూడా మంగలంలోంచి వచ్చినట్టు వచ్చేది. దొర టోపీ తీసి, చుట్టూ చూసి, "ఇదియే," అన్నాడు. ఆయన అరకు వచ్చింది కిందటి శీతాకాలంలో. అక్కడి వాన ఆయన ఇంకా చూడలేదు. నేను రెండుసార్లు చూశాను.

కింద సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉండే, ఈ పనికి డబ్బిచ్చే సంఘం పెద్దలకు ఆ బొమ్మ నచ్చలేదు. చదును కప్పు కారుతుందని వాళ్ళ భయం. ఏటవాలు రేకులు వేస్తే తప్ప ఒప్పుకోమని రాశారు. రేకులు వేస్తే నా గీత పోతుంది. దొర నన్ను పిలిచి కారుతుందా అని ఒక్కమాట అడిగాడు. ఒక్క చుక్క కారదని, కారితే పూచీ నాదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మొదటి వానకు చుక్క పడితే ఎలాగూ రేకులు వేయిస్తామని పెద్దలు జవాబు రాశారు. ఆనాటి నుంచి నాకు నిద్రలో కూడా కప్పు కారుతున్నట్టే ఉండేది.

నా మేస్త్రికి అరవై దగ్గరపడుతున్నాయి. శృంగవరపుకోట దగ్గర పల్లెటూరు మనిషి. నేను చదువుకుని వచ్చిన కొత్తలో తూకపుగుండు చేతికిచ్చి దారం ఎలా నిలపాలో నేర్పింది ఆయనే. నేను ఆయన్ని మావా అని పిలిచేవాణ్ణి. సున్నంలోకి కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ళను రోజూ పొద్దున్నే వేలితో నాలుక మీద వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, ఇంకో గుప్పెడు కరక్కాయ వెయ్యమనో చాలనో చెప్పేవాడు. సున్నపురాయి బొర్రా వైపు నుంచి వచ్చేది. కరక్కాయలు కొండవాళ్ళు అడవిలో ఏరి తెచ్చేవారు. ఆ నీళ్ళతో గానుగలో నూరిన సున్నం ఆరితే రాయి అయిపోతుంది. దాని సంగతి తర్వాత నాకు బాగా తెలిసొచ్చింది.

గోడలు లేచాయి. మద్ది దూలాలు ఎక్కాయి. పిట్టగోడ మొదలుపెట్టిన రోజు నేను సున్నం బట్టీ దగ్గర ఉండి, మధ్యాహ్నం గుట్ట ఎక్కి చూస్తే తూర్పు వైపు పిట్టగోడ అడుగు వరసలో రెండు కన్నాలు కనబడ్డాయి. ఒక్కొక్కటి పిడికిలి పట్టేంత. వాటిలోంచి బయటికి జానెడు పొడవున చెక్కిన రాతి దోనెలు పొడుచుకు వచ్చి ఉన్నాయి. నా ముక్కు మీద ఎప్పుడూ కోపమే. ఇవేమిటని అరిచాను.

"తూములు బాబూ. వాన నీళ్ళు ఎటెల్తాయి మరి?" అన్నాడు మేస్త్రి.

బొమ్మలో లేవన్నాను. బొమ్మ మీద వాన పడదు కదా అని ఆయన నవ్వాడు. పనివాళ్ళూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది కల్వర్టు కాదనీ, దొర గీసిన గీతను తాపీ పట్టినవాడల్లా కోసేస్తానంటే కుదరదనీ ఏవేవో అన్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. మావా అనలేదు. మేస్త్రీ అన్నాను.

ఆయన నవ్వు ఆపేసి తాపీ కింద పెట్టాడు. "దొరకో మాట సెప్పు బాబూ. ఆయన వద్దంటే నానే మూసేత్తాను."

దొర మనసు నాకు తెలుసునన్నాను. అడగక్కర్లేదన్నాను. దొర అప్పుడు గుట్ట కిందనే, చెట్టు నీడన కొండపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాడు. కేకేస్తే వినబడే దూరం. కానీ అడగడమంటే నాకు తెలియదని ఒప్పుకోవడమే అని నా లెక్క. మేస్త్రి దోనెలు ఊడదీసి, కన్నాల్లో రాయి కూరి, సున్నం పెట్టి, ఎక్కడ ఉండేవో నాకే తెలియనంత నున్నగా చేశాడు. అంత అవమానంలోనూ పని చెడగొట్టలేదు.

మర్నాటి నుంచి నేను మన్యం జ్వరంతో పడ్డాను. ఎనిమిది రోజులు గుడారంలో దుప్పట్లు కప్పుకుని వణకడమే సరిపోయింది. మిద్దె కొట్టింది ఆ రోజుల్లోనే. దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, వాటి మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, తడి ఆరకుండా కరక్కాయ నీళ్ళు చల్లుతూ, చెక్క కొట్టుళ్ళతో రోజుల తరబడి కొట్టాలి. మధ్యలో ఆపకూడదు. కింద ఊళ్ళల్లో అయితే ఆ పనికి అలవాటైన మనుషులు ఉంటారు. ఇక్కడ చుట్టుపక్కల పల్లెల నుంచి ముప్ఫైమంది ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళకు మిద్దె తెలియదు. వరసగా కాలు కలిపి ఆడటం తెలుసు. రెండు వరసలుగా నిలబడి, పాట ఎత్తుకుని, నాలుగడుగులు ముందుకీ నాలుగు వెనక్కీ కదులుతూ కొట్టారు. ముందు నడిచిన మనిషి ఒక ముసలామె, ముక్కుకు మూడు నత్తులు, చెవిలో చుట్టముక్క. కొట్టుడు ఎగిరి ఖంగుమంటే ఆపొచ్చని మేస్త్రి చెప్పాడట. ఖంగుమన్నాక కూడా ఆమె ఆపలేదు. వాళ్ళ ఆటలో ముందు మనిషి వెనక్కి తిరగనిదే వరస ఆగకూడదు కదా. ఇంకో రోజున్నర కొట్టారు. మంచంలో పడుకుని ఆ చప్పుడే వింటున్నాను. మొదట బురదలో కాలు వేసినట్టు ఉన్నది రానురానూ రాతి మీద రాయి పడ్డట్టయింది. లేచి చూడాలని కాళ్ళు పీకేవి, లేస్తే కళ్ళు తిరిగేవి. జ్వరంలో నాకు కలిగిన సంతోషం ఒక్కటే, చుక్క కారదని.

నేను లేచేసరికి మేస్త్రి లేడు. మిద్దె పని ముగిసిన మర్నాడు తెల్లారే సంచీ భుజాన వేసుకుని ఘాటు బాట దిగిపోయాడట. సగం కొట్టిన కప్పును వదిలి వెళ్ళే మనిషి కాదు కనక అన్నాళ్ళు ఉన్నాడు. నాకు బాధ కలగాలి. కలగలేదు. ఆయన ముఖం చూడక్కర్లేకుండా పోయిందని తేలిక పడ్డాను.

నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశాను. కప్పు పళ్ళెంలా మెరుస్తోంది. పిట్టగోడ మొదట్లో ఆడవాళ్ళు అరచేతులతో గుండ్రంగా మెత్తారు, కుండ లోపలి అంచులాగా. చీమ దూరే సందు లేదు. కిందికి దిగి దూరంగా వెళ్ళి గీత చూశాను. ఆకాశం కింద అది ఒకే ఊపులో గీసినట్టు ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మందిరం తెరవడానికి ఒక ఆదివారం అనుకున్నారు. దానికి మూడు రోజుల ముందు ముసురు పట్టింది. కొండల్లో ముసురంటే చినుకు కాదు, ఆపకుండా పోసే వాన. నేను తిండి మానేశాను. లోపల నేలంతా పొడి బూడిద చల్లి ఉంచాను, చుక్క పడితే మచ్చ తెలియాలని. కాలుగాలిన పిల్లిలా గంటకోసారి వెళ్ళి, వంగి, మూలమూలా వెతికేవాణ్ణి. మొదటి రోజు మచ్చ లేదు. రెండో రోజు లేదు. మూడో రోజు సాయంత్రం సంఘం పెద్దలకు జాబు రాసి పంపాను, మూడు రోజుల వానకు ఒక్క చుక్క కూడా దిగలేదని. ఆ మూడు రోజుల్లో ఒక్కసారైనా నిచ్చెన ఎక్కలేదు. ఎందుకెక్కాలి? కారుతుందా లేదా అన్నది కింద నుంచే కదా తెలిసేది.

ఆదివారం పొద్దున వానలోనే జనం వచ్చారు. హుకుంపేట వైపు నుంచి కూడా ఆకు గిడుగులు నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చారు. సంతకు వచ్చి వానలో చిక్కుకున్న కోమటి బేరగాళ్ళు ఇద్దరు మూటలతో సహా లోపలికి దూరారు. వందమంది పైనే ఉంటారు. గిడుగులు గుమ్మం బయట పేర్చి, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. అంత వాన బయట పడుతుంటే లోపల చప్పుడే లేదు. ముక్కునత్తుల ముసలామె పైకి చూసి, తన ఇంట్లోనైతే వానకు మాట వినబడదని పక్కామెతో అంటోంది. తాను కొట్టిన కప్పు కదా, గర్వంగానే అంది. గోడ వారన నిలబడి నేనూ గర్వంగానే విన్నాను.

దొర పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి తెరిచిన పేజీ మీద ఏదో రాలింది. ఆయన వేలితో తుడిచి మళ్ళీ చదివాడు. మళ్ళీ రాలింది. నీళ్ళు కాదు. పొడి సున్నం.

తలెత్తి చూశాను. మూడో దూలం గోడలోకి దిగే చోట వెంట్రుకంత బీట ఉంది. దూలం మధ్యలో కొంచెం కిందికి వంగి ఉంది. మొదట నాకేమీ అర్థం కాలేదు. దూలాలు మంచివి, నేనే ఏరి తెప్పించాను. పైన బరువేమీ లేదు. అప్పుడు, అన్నాళ్ళకు అప్పుడు, మూడు రోజుల వాన ఎక్కడికి పోయిందన్న ప్రశ్న నాకు తట్టింది.

బయటికి పరిగెత్తి, గుమ్మం దగ్గర చేతికందిన గిడుగొకటి నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. కప్పు లేదు. చెరువు ఉంది. పడమటి వైపు చీలమండ లోతు, తూర్పు వైపు పిక్కలు మునిగేంత. దాని మీద వాన పడుతోంది. ఎంత బాగా కొట్టారో అంత బాగా నిలిచింది. దొర గీసిన గీత చుట్టూ గట్టులా నిలబడి ఒక్క చుక్కను కూడా బయటికి పోనివ్వడం లేదు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికే ఇదంతా రాస్తున్నాను. కింద వందమంది ఉన్నారు. దిగి, బయటికి రమ్మని ఒక్క కేక వెయ్యాలి. నేను వెయ్యలేదు. ఎవరికీ తెలియకుండా తోడేస్తే చాలుననుకున్నాను. నెత్తి మీది గిడుగు తీసి, దాన్ని తిరగేసి, నీళ్ళు ముంచి పిట్టగోడ మీంచి బయటికి పోశాను. మళ్ళీ ముంచాను. మళ్ళీ పోశాను. చెరువును గిడుగుతో తోడుతున్నాను. కాళ్ళ కింద లోపల పాట మొదలైంది. రెండు చరణాలు అయ్యేదాకా తోడుతూనే ఉన్నాను. పెద్దలకు రాసిన జాబు, నా సంతకం, ఆ గీత, ఇవే నా బుర్రలో తిరుగుతున్నాయి. పాడుతున్నవాళ్ళు లేరు.

నిచ్చెన చివర ముసలామె తల కనబడింది. నేను పరిగెత్తడం చూసి వెనకే వచ్చినట్టుంది. నీళ్ళు చూసింది. నా చేతిలో గిడుగు చూసింది.

"లోన పిల్లలున్నారయ్యా," అంది.

అంతే. నా జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది. పాట సగంలో ఆగింది. ఆమె ఏ భాషలో ఏం చెప్పిందో తెలియదు. జనం తోసుకోకుండా, ఒకరి వెనక ఒకరు, పిల్లల్ని చంకన వేసుకుని వానలోకి వచ్చేశారు. బేరగాళ్ళు మూటలు వదిలేసి వచ్చారు. చివర దొర, పుస్తకం చొక్కాలో దాచుకుని.

ముసలామె, ఇంకో నలుగురు ఆడవాళ్ళు గునపాలతో పైకొచ్చారు. నేను గునపం అందుకుని నిచ్చెన దగ్గరున్న చోటే, గుమ్మం పైన, పిట్టగోడ మీద పొడిచాను. గునపం ఎగిరి నా భుజానికి తగిలింది. కరక్కాయ, బెల్లం, రోజుల తరబడి కొట్టిన సున్నం. నిప్పులు రాలాయి గానీ రాయి కదల్లేదు. ఆడవాళ్ళు నన్ను పక్కకు జరిపి, ఒకరి తర్వాత ఒకరు ఒకే చోట పొడిచారు. వాళ్ళే మెత్తారు, వాళ్ళే పగలగొట్టారు. ఒక రాయి కదిలి బయటికి పడగానే నీళ్ళు గుమ్మం ముందు దభాలున దూకాయి. దూలాలు విరగలేదు. కప్పు నిలిచింది. గీత మధ్యలో పన్ను ఊడిన నోరులా ఖాళీ.

నేను కిందికి దిగి దొర ఎదుట నిలబడ్డాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. పగిలిన చోటు కేసి చూశాడు, తర్వాత నా కేసి. మేస్త్రి తూములు పెట్టిన సంగతి, నేను మూయించిన సంగతి అంతా చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

"నేను ఆ దేశమున వాన చూడలేదు. అందుచేత గీయలేదు. మీరు నన్నేల అడుగలేదు?" అన్నాడు.

గీత పాడవుతుందని అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఏ గీత అని అడిగాడు. పిట్టగోడ అంచు చూపించాను. ఆయన ఆ ఎడారిలో జనం వేసవి రాత్రులు కప్పు మీద పడుకుంటారనీ, నిద్రలో దొర్లి పడకుండా ఆ గోడ పెట్టుకుంటారనీ, తాను చూసినది చూసినట్టు గీశాననీ చెప్పాడు. ఆ గోడ లేకపోయినా తనకు ఇబ్బంది లేదన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

దూలాల కింద గుంజలు పెట్టించి, నాలుగో రోజున ఘాటు దిగాను. మేస్త్రి తన ఇంటి అరుగు మీద కూర్చుని ఇసక జల్లెడకు కొత్త తీగ అల్లుతున్నాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను, గిడుగుతో తోడిన సంగతి కూడా. ఆయన తీగ అల్లుతూనే విన్నాడు.

"జనానికేటీ అవనేదు కదా?" అన్నాడు ముందు. లేదన్నాను. "ఎటేపు కొట్టినావు?"

గుమ్మం వైపు కొట్టామన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. "వాలు తూరుపుకెట్టినాను బాబూ. తూములు మూసీమన్నావు గానీ, వాలు సంగతి నువ్వడగనేదు."

తూర్పు వైపు పిక్కల లోతు, పడమట చీలమండ లోతు. ఆ నీళ్ళలో నిలబడి కూడా నాకు తెలియలేదు. తూములు మూసేశాక కూడా, నేను జ్వరంలో పడి ఉండగా, ఎప్పటికైనా వాటిని తెరవాల్సి వస్తుందని ఆయన కప్పంతా తూర్పుకు వాల్చి కొట్టించి వెళ్ళాడు. రమ్మని అడిగాను. మావా అన్నాను. ఆ పని నీ చేత్తోనే అవ్వాలన్నాను. బతిమాలడం నాకు చేతకాదు, అయినా బతిమాలాను.

"కోపం నేదు బాబూ. నిజంగా నేదు. రాను, అంతే."

తర్వాత ఎలా తొలవాలో ఓపిగ్గా చెప్పాడు. పైనుంచి పొడిస్తే కప్పు బీటలిస్తుంది, బయట పరంజా కట్టి పక్కనుంచి ఉలితో కొంచెం కొంచెం తొలవాలి, దక్షిణం మూల నుంచి ఆరు మూరల దగ్గర ఒకటి, దానికి నాలుగు మూరల అవతల రెండోది. దోనెలు ఎక్కడ పెట్టాడో కూడా చెప్పాడు, గానుగ వెనక గోనె కింద. పారెయ్యలేదు.

నేనే తొలిచాను. ఇంకొకళ్ళ చేతికి ఉలి ఇవ్వలేదు. అయిదు రోజులు పట్టింది, చేతులు బొబ్బలెక్కి పగిలాయి. తర్వాతి వానకు నేను పైనే నిలబడి చూశాను. నీళ్ళు వాటంతట అవే తూర్పుకు నడిచి, రెండు దోనెల్లోంచి బయటికి దూకాయి. వాన ఆగిన కాసేపటికి కప్పు మీద చెంబెడు నీళ్ళు కూడా లేవు. దొర తన బొమ్మ తీసి, ఆ రెండు దోనెలనూ, వాటి నీడనూ సొంత చేత్తో గీసి చేర్చాడు. సంఘం పెద్దలు వచ్చి చూసి, రేకుల మాట ఎత్తకుండా వెళ్ళారు.

రెండేళ్ళ తర్వాత శృంగవరపుకోట సంతలో మేస్త్రి కనబడ్డాడు. మనిషి చిక్కాడు. నన్ను చూసి తనే దగ్గరికి వచ్చాడు. మా అమ్మ ఎలా ఉందని అడిగాడు. జ్వరం మళ్ళీ వచ్చిందా అని అడిగాడు. ఇప్పుడు ఎక్కడ పని అని అడిగాడు. అన్నిటికీ జవాబు చెబుతూ నేను ఒక్క ప్రశ్న కోసం చూస్తున్నాను. ఆయన వెళ్ళాల్సిన బండి అవతల నిలబడి ఉంది. కప్పు సంగతి ఆయన అడగలేదు. అడక్కుండా చెప్పే హక్కు నాకు ఉందో లేదో తేల్చుకునేలోపు ఆయన బండెక్కి కూర్చున్నాడు, బండి కదిలిపోయింది.